కాలేషా చెయ్యి చెప్పిన మాట

కొండచిలువకు వేడి కనిపిస్తుందా, తగులుతుందా?

ఎంత చదివినా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు. కొండచిలువ పెదవుల అంచున చిన్న చిన్న గుంటలుంటాయి. కటిక చీకట్లో కూడా, మూరెడు దూరంలో ఉన్న జీవం ఒంటివేడిని ఆ గుంటలు పసిగడతాయి. ఆ కబురును లోపలికి మోసుకుపోయేది మొహం మీది స్పర్శను మోసే నరమేనట. అది చేరేది మాత్రం మెదడులో చూపు పనిచేసే చోటికట. బయల్దేరేటప్పుడు స్పర్శ, చేరేసరికి చూపు. మధ్యదారిలో దాన్ని ఏమనాలో ఏ పుస్తకమూ తేల్చి చెప్పదు.

మార్కాపురం కాలేషాకు పుస్తకాలతో పని లేదు. ఆ గుంటల్ని అరచేతి దూరం నుంచి చూసిన మనిషి. "అది మనల్ని చూస్తాదో, తడుముతాదో దానికే తెలియాల" అని నవ్వేవాడు. యాభై తొమ్మిదో ఏట, మార్చి నెలలో ఒక రెండు రోజులు మాత్రం ఆయనకు నవ్వు రాలేదు.

పద్నాలుగేళ్ళప్పుడు పలకరాతి క్వారీలోకి దిగాడు కాలేషా. రాతిని పొరలు పొరలుగా చీల్చడం పని. ఉలి ఎక్కడ ఆనించాలో కంటికి కనిపించదు, వేలికి తెలియాలి. రాతి అంచు మీద చూపుడువేలు ఒక్కసారి నడిపించి, ఇందులో పదకొండు పలకలొస్తాయి అంటే పదకొండే వచ్చేవి. క్వారీలో పాములకు కొదవ లేదు. చీల్చిన రాళ్ళ వరసల్లో పాము దూరితే కర్రతో కొట్టడానికి వీల్లేదు, నాలుగు పలకలు పగిలితే మేస్త్రీ తిడతాడు. అందుకని కాలేషా వాటిని పట్టి అవతల వదలడం మొదలుపెట్టాడు. రాయీ మిగిలేది, పామూ మిగిలేది. బడిపిల్లల పలకలకు గిరాకీ పడిపోయి, పనిచేసే ఫ్యాక్టరీ మూతబడ్డాక ఈ రెండో విద్యే ఆయనకు పేరు తెచ్చింది. పొదిలి నుంచి గిద్దలూరు దాకా ఎవరింట్లో పాము కనిపించినా ఆయనకే ఫోను.

ఆయన పద్ధతి వేరు. ముందు చెయ్యి పెట్టేవాడు. రాళ్ళగుట్ట సందుల్లో వేళ్ళ వెనకభాగం ఉంచి, కళ్ళు మూసుకుని కాసేపు అట్లాగే కూర్చునేవాడు. ఎండలో ఉత్త సందు రాతి వేడిని బయటికి కక్కుతుంది, పాము మసలే సందు లోపలి నుంచి చల్లగా, కాస్త చెమ్మగా ఊపిరి వదులుతుంది, అంతే తేడా అనేవాడు. అది నిజమో కాదో గానీ ముప్పై ఏళ్ళలో ఆయన చెయ్యి తప్పిందని ఎవరూ అనలేదు. "కాలేషా చెయ్యి పెట్టి లేదన్నాడంటే లేనట్టే" అనడం ఆ చుట్టుపక్కల ఒక వాడుక అయిపోయింది.

ఆరేళ్ళ కిందట షుగరు వచ్చింది. ముందు కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి. తరవాత చేతివేళ్ళ కొసలు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి కిందికి చూసుకోవలసి వచ్చేది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చేతి మీద బతికిన మనిషి నా చేతికి తెలియట్లేదని ఎవరితో చెప్పుకుంటాడు? కొసలే కదా పోయింది, తక్కినదంతా బాగానే ఉందని తనకు తాను చెప్పుకున్నాడు.

అట్లా చెప్పుకుంటున్న రోజుల్లోనే గురమ్మ ఇంటి నుంచి పిలుపు వచ్చింది.

గురమ్మది గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఒక చిన్న ఊరు. యాభై దాటిన మనిషి, భర్త లేడు. నలభై మేకలు. కొడుకు బాలకృష్ణ బోర్లు వేసే లారీ మీద కర్ణాటకలో తిరుగుతుంటాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో గురమ్మ, కోడలు రేణుక, రేణుక ఏడాది బిడ్డ. ఇంటి వెనక ఎప్పుడో వదిలేసిన క్వారీ తాలూకు పనికిరాని రాతిముక్కల గుట్ట ఉంది. ఆ గుట్టను ఆనుకుని, ఆ రాళ్ళతోనే నడుమెత్తు గోడ పేర్చి, కింద పలకబండలు పరిచి మేకపిల్లల దొడ్డి కట్టారు. తల్లిమేకలు గురమ్మ వెంట అడవికి పోతే పిల్లలు పగలంతా ఆ దొడ్డిలోనే. నలభై రోజుల్లో అందులో మూడు పిల్లలు మాయమయ్యాయి. మూడూ పొద్దు గూకే వేళలోనే, గురమ్మ మందను తోలుకుని ఇల్లు చేరే లోపల. నెత్తురు లేదు, బొచ్చు లేదు, గోడ రాయి కదల్లేదు.

ఆ వేళకు ఇంట్లో ఉండేది రేణుక ఒక్కతే. మేకపిల్లల్ని కొనుక్కుపోయే బేరగాళ్ళు బైకుల మీద ఆ దారినే తిరుగుతుంటారు. గురమ్మ నోరు విప్పి ఏమీ అనలేదు గానీ కోడలి చేతికి అన్నం గిన్నె ఇవ్వడం మానేసి అరుగు మీద పెట్టి పోసాగింది. రేణుకే పట్టుబట్టింది. ఇది పాము పనే అత్తా, మార్కాపురం కాలేషాను పిలిపించు, ఆయన చెయ్యి పెట్టి చెబుతాడు, అని. ఆ నంబరు ఎవరినో అడిగి సంపాదించింది కూడా ఆమే.

కాలేషా వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. గుట్ట చుట్టూ తిరిగాడు. కుబుసం లేదు, జాడ లేదు. బండల మీద జాడ ఎట్లా పడుతుంది? ఇక మిగిలింది చెయ్యి. గోడ వెనక నాలుగు సందుల్లో పెట్టి కూర్చున్నాడు. చలువ లేదు, చెమ్మ లేదు, చేతికి ఏమీ తెలియలేదు.

"పాము లేదమ్మా" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు రేణుక ఆయన్నే చూస్తూ ఉంది. ఇంకొకసారి చూడండి మామా అంది మెల్లగా. కాలేషాకు మూడు గంటల బండి అందుకోవాలని తొందర. చూసినాను తల్లీ, లేదు, అని చెయ్యి దులుపుకున్నాడు. గురమ్మ కోడలి వైపు తిరగను కూడా తిరగలేదు. "సరే, తెలిసిపాయె" అని మాత్రం అంది.

మరునాడు పొద్దున కాలేషా భార్య జహరాబీ టీ గ్లాసు చేతికిస్తూ ఆగిపోయింది. ఆయన అరచెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. నడిమధ్యలో రూపాయి బిళ్ళంత బొబ్బ, నీరు పట్టి ఉంది.

"కబ్ జలా యే?" అంది.

ఎప్పుడు కాలిందో కాలేషాకు తెలియదు. రాత్రి పాలగిన్నె పొయ్యి మీది నుంచి దించింది తనే. మసిగుడ్డ లేకుండానే దించినట్టున్నాడు. పాలు పొంగించిన గిన్నెను వట్టి చేత్తో పట్టుకుని నీకు తెలియలేదా అని జహరాబీ మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆయన లేచి పెరట్లోకి పోయాడు. స్నానానికి కాగిన నీళ్ళ బకెట్లో ఒక చెయ్యి పెట్టాడు, తొట్టిలో చన్నీళ్ళలో రెండో చెయ్యి పెట్టాడు. రెండూ నీళ్ళే. ఒకటి వేడనీ ఒకటి చల్లననీ కంటికి ఆవిరి చూపిస్తే తెలుస్తోంది గానీ చేతులు రెండూ ఒకే మాట చెబుతున్నాయి. వేడినీళ్ళలోని చెయ్యి తీసి చెంపకు ఆనించుకున్నాడు. చెంప చురుక్కుమంది.

అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. నిన్న గురమ్మ గుట్టలో పెట్టిన చెయ్యి ఇదే. ఏమీ తెలియలేదంటే లోపల ఏమీ లేక కాదు.

వెంటనే ఫోను చేశాడు. గురమ్మ మేకల వెంట పోయింది, రేణుక ఎత్తింది. గుట్ట ఇంకొకసారి చూడాలనిపిస్తోందమ్మా అన్నాడు, అసలు కారణం నాలుక దాటలేదు.

"ఇంకెందుకులే మామా" అంది రేణుక. "మా నాయన రేపు పొద్దున వస్తాడు. నన్నూ పిల్లనూ తీసకపొమ్మని అత్త కబురు చేసింది. మీరు చెప్పినంక ఇంకేముండాది."

రేణుక పుట్టిల్లు కొనకనమిట్ల దగ్గర. తండ్రి పాపయ్య. కూతురు అత్తింట్లో మేకపిల్లల్ని దొంగతనంగా అమ్ముకుందన్న మాట విని వస్తున్న తండ్రి అతను. కాలేషాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఆ ఊళ్ళలో ఇట్లాంటి మాట ఒకసారి పడితే మనిషి చచ్చినా అది చావదు. దానికి సాక్షి ఎవరంటే, మార్కాపురం కాలేషా చెయ్యి.

జహరాబీ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆ చేతులతో పాము దగ్గరికి పోతావా, పట్టు బిగిసిందో జారిందో కూడా తెలియని చేతులతో, అని. ఆమె చెబుతున్నది నిజం. ఆయన సంచి, కొక్కెం కర్ర తీసుకుని, పాము కోసం కాదు, నా మాట నేను వెనక్కి తెచ్చుకోవాల అన్నాడు. రైలు దొరికేదాకా ఆగలేక బస్సెక్కాడు. గిద్దలూరులో ఆటో మాట్లాడుకుని ఆ ఊరు చేరేసరికి నాలుగున్నర దాటింది. దారి పొడుగునా ఒకటే భయం, నిన్నటికి ఉన్నది ఈరోజు అక్కడ లేకపోతే? మేకపిల్లను మింగిన కొండచిలువ వారం పది రోజులు ఆకలి ఎరగదు. మూడో పిల్ల పోయి పన్నెండు రోజులయిందని రేణుక చెప్పింది. అదొక్కటే ఆయనకు ఆశ.

ఆ రోజు గురమ్మ మందను తొందరగా మళ్ళించి తెచ్చింది. ఆయన్ను చూసి ఆశ్చర్యపోలేదు, సంతోషపడలేదు.

"చెప్పి పోయినావు గదన్నా, మళ్ళ ఏంది?"

పొద్దు గూకేదాకా ఉంటానమ్మా, ఆ వేళకు దొడ్డి ఎట్లుంటుందో చూడాల, అన్నాడు. ఉంటే ఉండు, నీ ఇష్టం అన్నట్టు ఆమె చెయ్యి ఊపింది.

ఐదున్నరకు రేణుక బిడ్డను చంకన వేసుకుని రెండు బిందెల నీళ్ళు తెచ్చి దొడ్డి అంతా చల్లింది. బండల మీంచి బుస్సున ఆవిరి వాసన లేచింది. మిగిలిన ఆరు పిల్లలూ మూల చేరి, మళ్ళీ తడిబండల మీదికి వచ్చి ఇంటి ముందు కట్టేసిన తల్లుల కోసం అరవసాగాయి. కాలేషా గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి చాచి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. నమాజులో వంగినట్టు వంగి చెంప గోడరాయికి ఆనించాడు. పగలంతా ఎండ తాగిన రాయి వెచ్చగా, ఇంచుమించు మనిషి ఒళ్ళంత వేడిగా ఉంది. పాక్కుంటూ లోపలికి పోయి నేలబండకు పెదవి ఆనించాడు. చల్లగా బావినీళ్ళలాగా తగిలింది.

"ఏందన్నా, బండకు ముద్దు పెడతాండావా?" అంది గురమ్మ గడప మీది నుంచి.

ఆయన లేచి కూర్చున్నాడు. ఎండబండ మీద మేకపిల్ల నిలబడితే బండా వేడే, పిల్లా వేడే. ఆ సందులో నుంచి తొంగిచూసే పాము ముట్టెకు పిల్ల ఎక్కడ అయిపోయి బండ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. అదే బండను తడిపి చల్లార్చితే? చల్లని నేల మీద ఒక్కొక్క పిల్లా ఒక్కొక్క దీపం. మామూలుగా అయితే బండలు చల్లారేది ఏ అర్ధరాత్రికో. అప్పటికి పిల్లలు తల్లుల దగ్గర, తలుపు లోపల ఉంటాయి. ఇక్కడ ఆ చల్లదనాన్ని ఎవరో రోజూ సాయంత్రమే తెచ్చిపెడుతున్నారు.

"ఈ నీళ్ళు ఎప్పటినుంచి చల్లుతాండారమ్మా?"

గురమ్మ లెక్క చెప్పింది. శివరాత్రికి ముందు మేకపిల్లలకు గోమార్లు పట్టి నెత్తురు తాగేస్తుంటే, పొద్దుగూకేముందు దొడ్డి కడిగి నీళ్ళు చల్లమని కోడలికి తనే చెప్పింది. ఒక్కనాడు కూడా మానొద్దని చెప్పింది. నెలాపది రోజులైంది. ఆ మాట అంటూ అంటూనే ఆమె గొంతు నెమ్మదించింది. మొదటి పిల్ల పోయింది నీళ్ళు మొదలుపెట్టిన ఐదో రోజున.

కాలేషా మేకపిల్లల్ని ఇంట్లోకి తోలి తలుపు వెయ్యమన్నాడు. పాము ఎర కోసం వస్తుంది, కానీ ప్రాణమున్న మేకపిల్లను ఎర పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. అడిగినా గురమ్మ ఇవ్వదు. పలకముక్క ఒకటి పొయ్యి బూడిదలో వేడి చేసి, పిల్లలు పడుకునే గోనెపట్టాలో చుట్టి ఆ తడిబండ మీద పెట్టాలి. వాసన పిల్లది, వేడి రాతిది. మరీ వేడిగా ఉంటే నిప్పనుకుంటుంది, చల్లారితే నేలలో కలిసిపోతుంది. సరిగ్గా మేకపిల్ల పొట్ట ఎంత వెచ్చగా ఉంటుందో అంతే ఉండాలి.

ఆ కొలత తెలియాల్సింది చేతికి.

రాయి బూడిదలోంచి తీశాక ఆయన కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. చెంపతో చూడొచ్చు, కానీ ఇంత సన్నటి తేడా చెంప చెబుతుందో లేదో నమ్మకం లేదు. తప్పడానికి ఇంకొక రోజు లేదు. వెలుతురు తగ్గిపోతోంది. రేణుక పొయ్యి దగ్గరే ఉంది.

"అమ్మా, ఇట్ల రా" అన్నాడు. "ఒక చెయ్యి మేకపిల్ల పొట్ట కింద పెట్టు. ఇంకొకటి ఈ రాతి మీద పెట్టు. రెండూ ఒకటేనా చెప్పు."

"మీరు చూడరా మామా?"

"నా చేతికి తెలియదు."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన అరచెయ్యి తెరిచి బొబ్బ చూపించాడు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియలేదమ్మా, షుగరు, అన్నాడు. రేణుక ఆ చేతి వైపు చూసింది.

"మొన్న గుట్టలో పెట్టింది ఈ చెయ్యేనా?"

నిన్ననే అయినా ఆమెకు మొన్నలాగా ఉంది. కాలేషా దిద్దలేదు.

"ఈ చెయ్యే."

రేణుక తిట్టలేదు, ఏడవలేదు. మేకపిల్లను ఒడిలోకి తీసుకుని దాని పొట్ట కింద ఎడమచెయ్యి పెట్టింది. కుడిచెయ్యి రాతి మీద ఆనించి కళ్ళు మూసుకుంది. "ఇంకా వేడిగుండాది" అంది. కొంతసేపయ్యాక "ఇప్పుడు సరిపాయె" అంది.

మూట తడిబండ మధ్యలో పెట్టి ఇద్దరూ నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చున్నారు. గురమ్మ లోపల పిల్లల దగ్గర, బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కొండ వెనక పొద్దు దిగిపోయింది. పావుగంటకు రేణుక వెళ్ళి మూట తడిమి, చల్లారిందని సైగ చేసింది. రెండో రాయి వేడి చేశారు, పెట్టారు, ఆ రాయీ చల్లారింది. కాలేషా మనసులో లెక్కలు తారుమారవుతున్నాయి. అది అసలు ఇక్కడ లేకపోతే? నా చెయ్యి తప్పు చెప్పకపోతే? అప్పుడు రేణుకకు లేనిపోని ఆశ పెట్టిన పాపం కూడా మెడకు చుట్టుకుంటుంది. ఇప్పటి "పాముంది" అన్న నమ్మకమూ నిన్నటి "లేదు" అన్న నమ్మకం లాంటిదే అయితే? పక్కన కూర్చున్న రేణుక ఊపిరి మాత్రం వినిపిస్తోంది, నిదానంగా, ఎవరి మీదా భారం వెయ్యని మనిషి ఊపిరి.

మూడో రాయి పెట్టాక గోడ పైవరసలో ఒక రాయి నీడ పొడవయింది.

నీడ కాదు. తల గోడ మీంచి జారి, నేలకు జానెడు ఎత్తులో ఆగింది. నాలుక రెండుసార్లు ఆడింది. ముట్టె మెల్లగా ఈ పక్కకూ ఆ పక్కకూ తిరిగి, మూట ఎదురుగా వచ్చి నిలబడిపోయింది. వెలుతురు మసకబారింది గానీ ఆ పెదవి మీది గుంటలు కాలేషాకు తెలుసు. అవి ఆ వెచ్చదనాన్ని చూస్తున్నాయో తడుముతున్నాయో, మొత్తానికి అనుమానం లేకుండా ఎరుగుతున్నాయి. ఆ క్షణాన దాని మీద ఆయనకు కలిగింది అసూయ లాంటిది.

దెబ్బ కంటికి ఆనలేదు. మూట ఎగిరిపడింది, దాని చుట్టూ రెండు చుట్లు బిగుసుకున్నాయి. కాలేషా దూకాడు. కొక్కెంతో తల అదిమి, మెడ వెనక రెండు చేతులూ వేశాడు. వేసిన సంగతి కళ్ళతో చూస్తేనే తెలిసింది. అవి ఎవరివో చేతుల్లాగా ఉన్నాయి. పట్టు బిగిసిందా? జారుతోందా? తన గుప్పిళ్ళ వైపే రెప్ప వెయ్యకుండా చూస్తూ, గట్టిగా, ఇంకా గట్టిగా అని లోలోపల వాటికి చెప్పుకున్నాడు. పాము మూటను వదిలేసి ఆయన ముంజేతికి చుట్టుకుంది. రేణుక తోక పట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే తోక కొస నుంచి ఒక్కొక్క చుట్టూ విప్పుకుంటూ వచ్చింది. చప్పుడు విని బిడ్డను లోపల దించి పరుగెత్తి వచ్చిన గురమ్మ గోనెసంచి నోరు తెరిచి పట్టుకుంది. పదడుగుల జంతువు సంచిలోకి దిగేసరికి ముగ్గురూ చెమటలో తడిసిపోయారు.

కాలేషా అటవీశాఖ బీటాఫీసరు సురేష్‌కు ఫోను చేశాడు. కొండచిలువను పడితే వాళ్ళకు చెప్పి అడవిలో వదలాలి. అతను బైకు మీద బయల్దేరానన్నాడు. ఈలోగా సంచి చుట్టూ ఊరు చేరింది. గురమ్మ సంచి మీంచి చూపు తిప్పకుండా కోడలితో మాట్లాడింది, రెండు వారాల్లో మొదటిసారి.

"మీ నాయనకు ఫోన్ చేసి రావొద్దని చెప్పుపో."

"రానీలే అత్తా" అంది రేణుక. "ఇదంతా మీరే చెబుదురుగాని."

గుంపులో కాటమరాజు ఉన్నాడు. వెనక వీధి మనిషి, అతనివీ మేకలే, గట్టిగా ఆలోచించి గాని నోరు తెరవడు. అతను సంచి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నిన్న చెయ్యి పెట్టి లేదంటివి గదన్నా. అంటే ఇది ఇయ్యాల వచ్చినట్టు. మరి ముందు పోయిన మూడు పిల్లల సంగతేంది?"

గురమ్మ మొహంలో మళ్ళీ అదే నిన్నటి నీడ కదిలింది. ఆమెకు పాము కళ్ళెదుట ఉన్నా కాలేషా చెయ్యి మీద నమ్మకం పోలేదు. కాలేషా చెయ్యి పెట్టి లేదన్నాడంటే లేనట్టే. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళన్నీ కలిసి కట్టిన మాట అది. రేణుక కాలేషా వైపు చూడలేదు. చెప్పమని అడగలేదు. బిడ్డను అత్త చేతిలో నుంచి తీసుకుని భుజాన వేసుకుంది, అంతే. ఆమె చెప్పదలిస్తే ఎప్పుడో చెప్పి ఉండేది.

ఈ మాట అంటే ఇక మీద ఎవరింటి నుంచీ ఫోను రాదని కాలేషాకు తెలుసు. అనకుండా బండెక్కి పోవచ్చునని కూడా తెలుసు.

"నిన్నా ఉన్నాది" అన్నాడు. "మొన్నా ఉన్నాది. నలభై దినాలనుంచి ఈడనే ఉన్నాది. నా చెయ్యి చచ్చిపోయింది కాటమరాజూ, వేడీ చల్లా తెలియదు. తెలియని చేత్తో చూసి లేదని చెప్పినాను. తప్పు నాది."

అరచెయ్యి అందరికీ కనబడేట్టు చాచాడు. కాటమరాజు దగ్గరికి వచ్చి బొబ్బను చూసి, తల వంచుకుని వెనక్కి తగ్గాడు. ముసలామె ఒకామె అయ్యో నాయనా అంది. గురమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది. ఇక కోడలిని అనుమానించడానికి ఏమీ మిగల్లేదని ఆమెకు తెలిసినట్టుంది. నీళ్ళు చల్లమన్నది తనే, నీళ్ళు చల్లిన కోడలిని అనుమానించింది తనే.

"టీ తాగి పో అన్నా" అంది చివరికి. లోపలికి పోతూ, కోడలి పక్కన ఒక్క క్షణం ఆగి, బిడ్డ తలమీద చెయ్యి వేసింది. రేణుక పక్కకు తొలగలేదు, దగ్గరికీ జరగలేదు.

సురేష్ బైకు వచ్చింది. సంచిని వెనక క్యారేజీ మీద అడ్డంగా పెట్టి ఇద్దరూ తాడుతో కట్టారు. ముడి బిగిసిందో లేదో కాలేషా వేళ్ళతో చూడలేదు, వంగి గడ్డం ఆనించి చూసుకున్నాడు. పామును పట్టిన చేతులు కడుక్కోవడానికి ఆయనకు నీళ్ళు తేవాలని రేణుక బిడ్డతోనే తొట్టి దగ్గరికి వెళ్ళింది. లోపల పొయ్యి మీద టీ మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆమె చెంబు ముంచుకుని వెనక్కి తిరిగేసరికి అరుగు దగ్గర కొక్కెం కర్ర లేదు, మనిషీ లేడు. సురేష్ వెనక ఆయన్ను ఎక్కించుకున్న బైకు ఎర్రదీపం క్వారీ మలుపు దాటి, అడవి వైపు దిగిపోతోంది.